ఏ పని ముందు? నిర్ణయించేది ఎవరు?

ఒకప్పుడు ఆఫీసులో పని ఫైలు రూపంలో బల్లమీదికి వచ్చేది. ఫైళ్లు పేరుకుపోతే ఆ గుట్ట అధికారికీ కనిపించేది, పక్క సీటు ఉద్యోగికీ కనిపించేది, యూనియన్ కార్యదర్శికీ కనిపించేది. నేడు పని కంప్యూటరు తెరమీదనో, సెల్‌ఫోనులోనో జాబితాగా వచ్చి చేరుతున్నది. ప్రతి పనికీ ఎదురుగా ఒక గడువు తేదీ, ఒక ప్రాధాన్యపు గుర్తు ఉంటాయి. జిరా అనే సాఫ్ట్‌వేరులో ‘హైయెస్ట్’ మొదలు ‘లోయెస్ట్’ వరకు ఐదు మెట్లు ఉన్నాయి. టుడూయిస్టులో పి1 నుండి పి4 వరకు నాలుగు ఉన్నాయి. పేర్లు ఏవైనా పద్ధతి ఒక్కటే. పనులన్నీ వరుసలో పెట్టాలి, పైనున్న దానిని ముందు చేయాలి.

ఇందులో యూనియన్‌కు పేచీ ఏమున్నదని కొందరు మిత్రులు అడుగుతున్నారు. జాబితాతో పేచీ లేదు. ఆ గుర్తు పెట్టే హక్కు ఎవరిది, దాని భారం ఎవరి నెత్తిన పడుతున్నది అన్నదే మన ప్రశ్న. ఇతరులను విమర్శించే ముందు కోల్‌కతాలోని మా కార్యాలయంలో జరిగినది చెప్పుకోవడం న్యాయం.

పనులు మరచిపోకుండా ఉండేందుకు మేము కూడా అటువంటి సాఫ్ట్‌వేరు ఒకటి పెట్టుకున్నాము. మూడు నెలలు తిరిగేసరికి జాబితాలో సగానికి పైగా ‘అత్యవసరం’ అయి కూర్చున్నవి. కేంద్రానికి పంపవలసిన నివేదికలు, మహాసభ ఏర్పాట్లు, ధర్నా పోస్టర్లు అన్నింటికీ తేదీలున్నాయి. వాటికోసం ఫోను చేసి గద్దించే నాయకులూ ఉన్నారు. ఆ జాబితా అడుగున ఒక పని పడి ఉన్నది. శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చి హుగ్లీ ఒడ్డున ఒక జూట్ మిల్లులో జీవితమంతా పనిచేసి మరణించిన కార్మికుని భార్యకు 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం కింద రావలసిన వితంతు పింఛను అది. మిల్లు రికార్డులో భర్త పేరు ఒక విధంగా, ఆమె కాగితాలలో మరొక విధంగా ఉన్నది. ఆ తేడా సరిచేయించి 10-డి ఫారం దాఖలు చేయాలి. ఒక కార్యకర్తకు ఒక్క రోజు పని.

ఆ పని ఏడు నెలలు కదలలేదు. సాఫ్ట్‌వేరు గడువు తేదీ అడిగింది. ఆకలికి గడువు తేదీ ఏమి వేస్తాము? తేదీ లేని పనిని అది ప్రతి ఉదయం అడుగుకు నెట్టింది. ఆమె నెలకొకసారి లోకల్ రైలులో వచ్చి బెంచీమీద కూర్చొని, “మీకు తీరిక ఉన్నప్పుడే చూడండి బాబూ” అని చెప్పి వెళ్లేది. ఆ పథకంలో కనీస పింఛనుగా 2014లో నిర్ణయించినది నెలకు 1000 రూపాయలు. ఎంత స్వల్పమైనా ఆమెకు అదే ఆధారం. తరువాత బకాయి మొత్తం చేతికి వచ్చింది. ఈలోగా కిరాణా కొట్టులో పెరిగిన అప్పును, దానిమీది వడ్డీని మేము తిరిగి ఇవ్వలేకపోయాము. తప్పు యంత్రానిది కాదు. గొంతు ఉన్నవాని పనిని పైన, నోరు లేనివారి పనిని అడుగున పెట్టినది మేమే.

ఈ ప్రాధాన్యక్రమానికి ఒక చరిత్ర ఉన్నది. అమెరికాలోని బెత్‌లెహామ్ స్టీల్ కంపెనీలో 1899 ప్రాంతంలో ఫ్రెడరిక్ టేలర్ గడియారం పట్టుకొని కూలీల కదలికలను కొలిపించాడు. మనిషి రోజుకు పన్నెండున్నర టన్నుల ఇనుము మోసేచోట నలభై ఏడున్నర టన్నులు మోయించానని 1911లో గ్రంథం వ్రాసి చాటుకున్నాడు. అదే కంపెనీ అధిపతికి 1918లో ఐవీ లీ అనే సలహాదారు ఒక సూత్రం చెప్పినట్లు మేనేజిమెంటు లోకంలో ఒక కథ ప్రచారంలో ఉన్నది. రేపు చేయవలసిన ఆరు పనులు ప్రాముఖ్యాన్నిబట్టి వ్రాసుకో, మొదటిది ముగిసిన తరువాతనే రెండవది చేపట్టు, మిగిలినవి మరునాటికి మార్చుకో అన్నదే ఆ సూత్రం. 1914లో కొలరాడోలోని లడ్‌లోలో సమ్మె చేస్తున్న గని కార్మికుల గుడారాలపై దాడి జరిగి స్త్రీలు, పిల్లలు కూడా బలి అయిన తరువాత, గని యజమానులైన రాక్‌ఫెల్లర్ల తరఫున ప్రచారం నడిపినవాడు ఈ లీయే.

ఇక్కడ గమనించవలసిన తేడా ఒకటున్నది. అధికారి తన జాబితా తానే వ్రాసుకున్నాడు. మిగిలిన పనిని రేపటికి వదిలే స్వేచ్ఛ అతనికున్నది. కూలీకి మాత్రం గడియారం చూపించారు. నేటి ఉద్యోగికి జాబితా ఇచ్చారు గాని వదిలే స్వేచ్ఛ ఇవ్వలేదు. అతని జాబితాలో పై అధికారి, పక్క శాఖ, ఖాతాదారుడు ఎవరైనా పని చేర్చగలరు. తీసివేయగలిగే అధికారం అతనికి లేదు. ఐదు పనులకు ఐదుగురు ‘మొదటిది’ అని గుర్తు పెడితే, రాత్రి ఇంటిదగ్గర కూర్చొని ఆ ఐదింటినీ పూర్తిచేసేది అతనే.

ఇది మన ఆరోపణ మాత్రమే కాదు. సాఫ్ట్‌వేరు నిపుణులే 1994 నుండి వాడుకలోనున్న ‘మాస్కో’ అనే పద్ధతిలో పనులను నాలుగుగా విభజిస్తారు. తప్పనిసరివి, చేయదగినవి, వీలైతే చేసేవి, ఈసారి చేయనివి. తప్పనిసరి పనులు మొత్తం శ్రమలో 60 శాతం మించరాదని ఆ పద్ధతిని అనుసరించే వారి మార్గదర్శకం. ఈసారి చేయనివి అంటూ ఒక వరుస లేని జాబితా ప్రాధాన్యక్రమం కాదు, అది పనిభారాన్ని కప్పిపుచ్చే ముసుగు.

ఈ నగర కార్మికోద్యమానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. చికాగో కార్మికులు 1886లో ఎనిమిది గంటల పనిదినం కోసం కదలడానికి ఇరవై నాలుగేళ్ల ముందే, 1862లో హౌరా స్టేషనులో సుమారు 1200 మంది రైల్వే కార్మికులు అదే కోర్కెతో సమ్మె చేశారు. 1960ల ద్వితీయార్ధంలో ఉద్యోగాలకు ముప్పు తెచ్చే కంప్యూటరును రానివ్వబోమని జీవిత బీమా ఉద్యోగులు కలకత్తా ఇలాకో భవనం వద్ద పగలూ రాత్రీ కాపలా కాశారు. కంప్యూటరు తరువాత వచ్చింది. నేడు జాబితాను ఆపుదామని ఎవరూ అనడం లేదు. అయితే యంత్రం ఏ షరతులపై రావాలో శ్రామికులతో చర్చించి తీరాలన్న నాటి పట్టుదల నేటికీ సరియైనదే.

కాబట్టి వేతన చర్చలలో మనం నాలుగు కోర్కెలు చేర్చాలి. మొదటిది, ఒక రోజు జాబితాలోని పనుల మొత్తం కాలం ఎనిమిది గంటలు మించరాదు. ఏ పనికి ఎంత కాలం పడుతుందో అంచనా వేయడంలో ఆ పని చేసేవాని మాట చెల్లాలి. రెండవది, ఒక పనిని ముందుకు జరిపే అధికారి, దానికోసం ఏది వెనుకకు పోతున్నదో తన పేరుతో నమోదు చేయాలి. మూడవది, పనివేళల తరువాత చేర్చిన పనికి మరునాటి ఉదయం నుండే గడువు లెక్కించాలి. నాలుగవది, గడువు దాటిన పనుల సంఖ్యను ఇంక్రిమెంటు ఆపడానికి వాడరాదు. ఆ లెక్క యూనియన్‌కు అందాలి. సిబ్బంది కొరతకు అంతకు మించిన సాక్ష్యం మరొకటి లేదు. నాడు బల్లమీది ఫైళ్ల గుట్ట చేసిన పనిని నేడు ఆ లెక్క చేస్తుంది.

పని పంచడం యాజమాన్యపు హక్కు అని వాదన వస్తుంది. పంచవచ్చు. కాని ఎనిమిది గంటలలో పన్నెండు గంటల పని కుక్కి, అందులో ఏది వదలాలో చెప్పే బాధ్యతను మాత్రం ఉద్యోగిపై నెట్టడం పంపకం కాదు.

యాజమాన్యాన్ని కోరేది మనం ముందు పాటించాలి. మా కార్యాలయంలో ఇప్పుడు ప్రతి సోమవారం జాబితా మొత్తం పైకి చదువుతాము. ‘అత్యవసరం’ అన్న గుర్తు మూడింటికి మించి ఉండదు. సభ్యుల సొంత పనులకు మేమే పద్నాలుగు రోజుల గడువు వేస్తున్నాము. దానిని ఎవరైనా వాయిదా వేస్తే కారణం అందరి ఎదుట చెప్పాలి. దీనివల్ల కొన్ని నివేదికలు ఆలస్యమైనవి, కేంద్రం నుండి మందలింపులూ వచ్చినవి. వాటిని భరించగలము.

శాఖా కార్యదర్శులందరికీ నా విజ్ఞప్తి ఒక్కటే. మీ జాబితా తెరచి అట్టడుగున అన్నిటికంటే పాతబడి ఉన్న పని ఏదో చూడండి. అది ఎవరిదో కనుక్కోండి. రేపటి దినం దానితో ప్రారంభించండి.