తుపాను వేళ చేతిలో ఎన్ని వాట్లు?

అక్టోబరు నెల సమీపిస్తున్నదంటే కోస్తా ప్రాంతపు సహోద్యోగుల నుండి మాకు తరచుగా ఒకే ప్రశ్న ఎదురవుతుంది. కరెంటు పోయిన రోజులలో ఫోను చార్జి చేసుకోవడానికి ఎండతో పనిచేసే పరికరం కొనాలా, చేతితో తిప్పేది కొనాలా? ప్రశ్న చిన్నదే గాని అశ్రద్ధ చేయదగినది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినపుడు నగరంలోని అనేక ప్రాంతాలకు రోజుల తరబడి విద్యుత్తు లేదు. సెల్ టవర్లు సైతం మూగబోయినవి. అట్టి సమయంలో అత్యవసర విధులలో ఉన్నవారి క్షేమం ఇంటికి తెలియడం ఎంత దుర్లభమో ఆ కుటుంబాలకు మేము వేరుగా చెప్పనవసరం లేదు.

దుకాణంలో అమ్మకందారు చూపే అంకె మిల్లీ ఆంపియర్ అవర్. మనం అడగవలసినది వాట్లు. బజారులో విరివిగా దొరికే రకం, పవర్ బ్యాంకు వీపున చిన్న సౌరఫలకం అతికించినది. దాని లెక్క చూద్దాము. ఫలకం 15 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే, మిట్టమధ్యాహ్నపు ఎండలో చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల చొప్పున దానిపై పడేది 12 వాట్లు. అందులో ఐదవ వంతు విద్యుత్తుగా మారినా 2.4 వాట్లే. ఫలకం వేడెక్కడం, ఎండ ఏటవాలుగా పడడం కలిపితే ఒకటిన్నర వాట్లు చేతికి వస్తే సంతోషించాలి. 10,000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాంకులో పట్టేది 37 వాట్-గంటలు. నష్టాలతో కలిపి అది నిండడానికి ముప్పై గంటల మంచి ఎండ కావాలి, అనగా దాదాపు ఆరు రోజులు. తుపాను మరునాటి మబ్బులో ఆ ఒకటిన్నర వాట్లలో నాలుగవ వంతు కూడ రాదు.

అంతకంటె పెద్ద దోషం మరొకటి కలదు. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేయరాదు. ఫలకానికి ఎండ కావాలి, బ్యాటరీకి నీడ కావాలి. రెండింటిని ఒకే పెట్టెలో బిగించినవారు ఏమి ఆలోచించారో మాకు నేటికీ అంతుబట్టలేదు!

కనుక మా సలహా, ఫలకం వేరు, బ్యాంకు వేరు. మడతపెట్టే 20 వాట్ల ఫలకం మంచి ఎండలో వాస్తవంగా 12 నుండి 15 వాట్లు ఇస్తుంది. సుమారు 19 వాట్-గంటల ఫోను బ్యాటరీ రెండు గంటలలో నిండగలదు. అయితే ఫోనును నేరుగా తగిలించవద్దు. మబ్బు అడ్డువచ్చినపుడు చార్జింగు ఆగి, కొన్ని ఫోన్లలో తిరిగి మొదలుకాదు. ఫలకం బ్యాంకును నింపాలి, బ్యాంకు ఫోనును నింపాలి. ఫలకంపై కొబ్బరాకు నీడ ఒక్క గడిపై పడినా వరుసలోని గడులన్నిటి ప్రవాహం తగ్గిపోతుందని మరువరాదు. పవర్ బ్యాంకుపై భారతీయ ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషన్ గుర్తు చూచి తీసుకోవాలి.

ఇక చేతితో తిప్పే యంత్రం. అరచేతిలో ఇమిడేవి ఇచ్చేది రెండు మూడు వాట్లు. ఫోను నింపాలంటే ఎనిమిది గంటలకు పైగా తిప్పాలి. అది మనిషి పని కాదు. అట్లని దానిని తోసివేయలేము. చిన్న రేడియోకు వాటులో పదవ వంతు చాలు. ఒక నిమిషం తిప్పితే పది నిమిషాలు వినవచ్చు. ఎల్.ఇ.డి. దీపమూ అంతే. బ్రిటిష్ ఆవిష్కర్త ట్రెవర్ బేలిస్ 1990ల ఆరంభంలో రూపొందించిన తిప్పుడు రేడియో విద్యుత్తు లేని ఆఫ్రికా గ్రామాలను దృష్టిలో ఉంచుకొన్నదే. టవర్ పడిపోయినపుడు నిండు చార్జి ఉన్న ఫోను కూడ వట్టి దీపమే. రేడియో మాత్రం దూరపు స్టేషను వార్తను సైతం అందుకొనగలదు. తమ ఊరికి ఏ స్టేషను ఏ బ్యాండులో అందుతుందో ముందే ట్యూన్ చేసి చూచుకోవాలి.

ఈ తిప్పుడు యంత్రాలలోని చిన్న బ్యాటరీ అల్మారాలో ఏడాది పడివుంటే చచ్చిపోతుంది. మూడు నెలలకొకసారి తిప్పి వెలిగించాలి. లోపలి పళ్ళచక్రాలు సాధారణంగా ప్లాస్టిక్‌వి. కొనేముందు అక్కడే ఐదు నిమిషాలు ఆపకుండా తిప్పి చూడండి, దుకాణదారు విసుక్కున్నా సరే.