ఈ ఏడాది ప్యారాగ్రాఫ్‌లకు నోట్స్ ఎందుకు వద్దంటున్నానంటే



పేరెంట్స్ మీటింగ్‌లో మీలో చాలామంది అడిగే మాట ఒకటుంది: "సార్, ప్యారాగ్రాఫ్‌లకు నోట్స్ ఇయ్యండి, ఇంటి దగ్గర చదివిపిస్తం." ఇన్నేళ్లూ ఇచ్చాం. ఈ ఏడాది ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఇవ్వకూడదని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు వచ్చే మీటింగ్‌లో నాతో వాదించవచ్చు.

మొన్న తొమ్మిదో తరగతి పిల్లలను చేనేత మగ్గాన్నీ మరమగ్గాన్నీ పోల్చి రాయమన్నాను. పేపర్లు దిద్దుతుంటే చాలావరకు ఒకే పేపర్ మళ్లీ మళ్లీ చదువుతున్నట్టు అనిపించింది. చేనేత మన సంస్కృతికి చిహ్నం అని నాలుగు వాక్యాలు. తర్వాత "ఆన్ ది అదర్ హ్యాండ్". ఆపైన మరమగ్గం వేగంగా నేస్తుందని ఇంకో నాలుగు. వ్యాకరణం తప్పుల్లేవు, ఎందుకంటే అది మేమిచ్చిన నోట్సే. కానీ అందులో పోలిక ఎక్కడుంది? ఒకదాన్ని సంస్కృతితో, ఇంకోదాన్ని వేగంతో కొలిచారు. ఒకరి ఎత్తు, ఇంకొకరి బరువు చెప్పి ఇద్దరినీ పోల్చామన్నట్టుంది.

ఒక్క పేపర్ దగ్గర మాత్రం ఆగిపోయాను. సిరిసిల్ల అమ్మాయిది. ఇంగ్లిష్‌లో తప్పులు చాలానే ఉన్నాయి, విషయం మాత్రం ఇది: కరెంటు పోయినా తాత మగ్గం ఆగేది కాదు, బాపు సాంచాలు ఆగిపోతాయి. తాత ఒక్క మగ్గం మీద కూర్చునేవాడు, బాపు ఎనిమిది సాంచాల మధ్య నిలబడి తిరుగుతాడు. తాతకు సాయంత్రానికి నడుము నొచ్చేది, బాపుకు చెవులు సరిగా వినపడవు. ఇద్దరికీ సమానమైంది ఒక్కటే, నూలు వేరేవాళ్లది. సిరిసిల్లలో యజమాని నూలిస్తే ఆసామి నేయించి ఇచ్చే పద్ధతి తెలిసినవాళ్లకు ఆ చివరి వాక్యం విలువ తెలుస్తుంది. కరెంటు, పని, ఒంటి నొప్పి, నూలు: ప్రతి కొలతతోనూ ఇద్దరినీ కొలిచింది. క్లాసులో ఎక్కువ మార్కులు ఆమెకే వేశాను.

సమస్య, పరిష్కారం రాయమంటే ఇంకా కష్టం. నీళ్లయినా, నిరుద్యోగమైనా, ప్లాస్టిక్ అయినా చివరి వాక్యం ఒక్కటే: ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి, ప్రజల్లో అవగాహన కల్పించాలి. ఏ సమస్యకైనా సరిపోయే పరిష్కారం ఏ సమస్యనూ తీర్చదు.

మన కళ్ల ముందు జరిగిందే చూడండి. పార్టీల మాట పక్కన పెడదాం. 2017లో బతుకమ్మ చీరల పంపిణీ మొదలైంది. మొదటి ఏడు సమయం చాలక కొన్ని చీరలు సూరత్ నుంచి తెప్పించారు, నాణ్యత బాగాలేదని ఆడవాళ్లు కోప్పడ్డారు. తర్వాత సిరిసిల్ల సాంచాల మీదే నేయించారు, ఏటా కొన్ని నెలలు చేతినిండా పని దొరికింది. 2024లో ఆ ఆర్డరు లేకపోయేసరికి సాంచాలు ఆగాయి. ఆ తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చింది. మరి సర్కారు ఆర్డరు పరిష్కారమేనా? సమస్య "పని లేదు" అయితే అవును. సమస్య "కొనేవాడు ఒక్కడే" అయితే, ఆర్డరు పెద్దదయ్యే కొద్దీ సమస్యా పెద్దదవుతుంది. సమస్యకు పేరు సరిగ్గా పెట్టడంలోనే సగం పేరా అయిపోతుంది. నోట్స్‌లో ఆ పేరు మేమే పెట్టేస్తున్నాం, పిల్లలకు ఆలోచించే పని మిగలడం లేదు.

కోరుట్ల, జగిత్యాల పిల్లలు గల్ఫ్ వలస మీద "ప్రజలు గల్ఫ్‌కు వెళ్లకూడదు" అని రాస్తారు. వాళ్లలో కొందరి నాన్నలు అక్కడే ఉన్నారు, ఈ పేజీని ఫోన్‌లో చదువుతున్నారు కూడా. అన్నా, సెలవు రోజు ఫోన్ చేసినప్పుడు చదువు గురించే కాకుండా మీరు ఎందుకు వెళ్లారో బిడ్డకు చెప్పండి. అప్పు ఎంత, ఎంత తీరింది, ఇక్కడ ఏముంటే వెళ్లేవారు కాదు. వ్యవసాయం చేసేవాళ్లు వరినీ పసుపునూ పక్కపక్కన పెట్టి మాట్లాడండి. వరి నాలుగైదు నెలల్లో చేతికొస్తుంది, పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు పొలంలోనే ఉంటుంది. వరికి మద్దతు ధర ఉంది, పసుపుకు లేదు. అయినా పసుపు ఎందుకు వేస్తున్నారో మీకంటే బాగా చెప్పే గైడ్ ఏదీ లేదు.

మార్కుల భయం నాకూ ఉంది. సొంతంగా రాసిన పేరాకు మొదట్లో బట్టీ పేరాకన్నా రెండు మార్కులు తగ్గవచ్చు. దాచను. అందుకే పదో తరగతిని ఇందులో కలపలేదు. ఎనిమిది, తొమ్మిదిలో ఆ రెండు మార్కులు పోతే పోనివ్వండి, నన్ను తిట్టండి.

ఈ నెల పని ఒక్కటే. ఇంట్లో మాట్లాడుకున్న విషయం మీద పిల్లలు ఎనిమిది వాక్యాలు రాసి తేవాలి, ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో. మీరు దిద్దకండి, ట్యూషన్ సార్‌తో దిద్దించకండి. స్పెల్లింగులు నేను చూసుకుంటాను.