వింటికి అవిసె నూనె

మా ఇంట్లో శివధనుస్సు వెలిసింది. విరిచేవాళ్లు లేరు గాని, నూనె రాసేవాళ్లం మాత్రం ముగ్గురం తేలాం: మావాడు, నాచారం మేస్త్రీగారు, నేను.

పూర్వకథ కొంత మనవి చెయ్యాలి. ఊళ్లో మా నాన్నగారి ఎడ్లబండి శిథిలమైపోయాక, దాని నొగ ఒకటి తెచ్చి నాచారంలో అటక మీద పెట్టుకున్నాను. ఎందుకని మా ఆవిడ అడిగినప్పుడల్లా "ఉండనీ" అనేవాణ్ణి. అంతకంటె జవాబు నా దగ్గర లేదు. ఇంతలో 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు గెలిచింది. ఆనాటినుంచీ మావాడికి విలువిద్య మీద మనసు పోయింది. విల్లు కొనే స్తోమతు నాకు లేదన్నాను.

"కొనొద్దు నాన్నా, చేసుకుంటాను. అటక మీది కర్ర ఇస్తారా?" అన్నాడు.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు సుమండీ.

మర్నాడు మేస్త్రీగారు వచ్చి నొగను గోటితో గీరి చూసి, "తడకర్ర సారూ. వంగుతది గాని విరగది" అన్నారు. తడచెట్టునే సంస్కృతంలో ధన్వనమంటారు. పేరులోనే ధనువుంది! తెలుగు మేష్టరుగా బతుకుతున్న నాకు వడ్రంగి చెబితే గాని ఆ మాట గుర్తు రాలేదు. ఇక కాదనడానికి నోరాడలేదు.

నెల్లాళ్లు చిత్రిక పట్టి, రెండు పక్కలా సమంగా వంగేటట్టు విల్లు దింపారు. ఇక మిగిలింది నునుపూ, మెరుగూ. వార్నిష్ కొట్టేస్తే సరి అన్నాను.

"బల్లకైతే సరే సారూ. ఇది వంగే వస్తువు. పైపొర గట్టిగుంటే వంగినప్పుడల్లా పగుళ్లిస్తది. నూనె అయితే కట్టెలకు దిగుతది" అన్నారు మేస్త్రీగారు.

ఏ నూనె? ఇక్కడ నా పాండిత్యం అడ్డొచ్చింది. నూనె అంటే నువ్వుల నెయ్యి. తైలమన్నా తిలలనుంచి పుట్టిందే. కనుక నువ్వుల నూనే శాస్త్రీయమన్నాను. మేస్త్రీగారు మర్యాదగా నవ్వారు. నువ్వుల నూనె సరిగా ఆరదు. ఆముదం అసలే ఆరదు. అవిసె నూనె ఒక్కటి గాలిలోని ప్రాణవాయువును పట్టుకుని తానే గట్టిపడుతుంది. క్రికెట్ బ్యాట్లకు పట్టించేదీ అదే. స్టేడియం ఉన్న ఉప్పల్ లో దానికి కరువేమిటి? వెళ్లి సీసా తెచ్చాను.

పద్ధతి చెబుతాను, మీ ఇంట్లో పాత కుర్చీకైనా పనికొస్తుంది. ముందు 120, తరువాత 220, చివర 320 నంబరు గరుకు కాగితంతో కర్ర పోగు వెంట రుద్దాలి, అడ్డంగా కాదు. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే అణిగి ఉన్న నూగు లేస్తుంది. ఆరాక మళ్లీ రుద్దాలి. మొదటి పూతకు నూనెలో సగం టర్పెంటైన్ కలిపితే లోపలికి బాగా దిగుతుంది. పావుగంట ఆగి, పైన మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. పచ్చి నూనె ఒక్కొక్క పూత ఆరడానికి రోజులు పడుతుంది. 'బాయిల్డ్' అని అమ్మేదాంట్లో ఆరబెట్టే లోహలవణాలు కలుపుతారు కనుక, అది ఒక రోజులో ఆరుతుంది.

నేనేం చేశానంటారా? ఆవకాయకు పోసినట్టు పోశాను. నాలుగు రోజులైనా విల్లు జిగురు వదల్లేదు. వీధిలోని దుమ్మంతా దానికే అంటింది. "పుయ్యుడు కాదు సారూ, తుడుచుడే పని!" అన్నారు మేస్త్రీగారు. టర్పెంటైన్ తో కడిగి మళ్లీ మొదటికొచ్చాం.

రెండో తప్పు చెప్పడానికి సిగ్గుగానే ఉంది. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి, బాల్కనీలో పాత పత్రికల పక్కన పడేసి కాలేజీకి వెళ్లిపోయాను. సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టేసరికి, "ఏదో మాడుతోందండీ, పొయ్యి మీద ఏమీ లేదు!" అంటూ మా ఆవిడ ఎదురొచ్చింది. చూస్తే ఆ ఉండలోంచి పొగ! మావాడు బకెట్టు నీళ్లు కుమ్మరించాడు గనుక సరిపోయింది.

అవిసె నూనె ఆరుతున్నప్పుడు వేడి పుడుతుంది. పరిచిన గుడ్డలో ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. ఉండలో చిక్కుకుని, అగ్గిపుల్ల అక్కర్లేకుండానే అంటుకుంటుంది. 1991 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజా ఇలాంటి గుడ్డల వల్లనే తగలబడి, ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోయాయి. కనుక ఆ గుడ్డల్ని ఆరుబయట విడివిడిగా పరచండి, లేదా నీళ్లలో ముంచండి. ఈ వ్యాసంలో ఇంకేది మరిచినా ఇది మరవకండి.

పడమటి వడ్రంగుల్లో ఒక పాత సూత్రం ఉంది: వారంపాటు రోజుకొకసారి, నెలపాటు వారానికొకసారి, ఏడాదిపాటు నెలకొకసారి, ఆపైన బతికినన్నాళ్లూ ఏడాదికొకసారి నూనె పట్టించాలని. నూనె వానాకాలపు చెమ్మను పూర్తిగా ఆపలేదు. అందుకే ఈ సేవ. ఇప్పుడు మేం నెలల లెక్కలో ఉన్నాం. నాలుగు చుక్కలు వేసి అరచేత్తో రుద్దితే ఆ వేడికే ఇంకిపోతుంది. నాతో రెండు ముక్కలు మాట్లాడ్డమే గగనమైన మావాడు, రుద్దుతూ రుద్దుతూ తాతయ్య బండి సంగతులు అడుగుతాడు. ఎడ్ల పేర్లు అడుగుతాడు. స్నేహమనే మాటకు నూనె అనే అర్థం కూడా ఉందని ఇరవయ్యేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను.

మొన్న ఆదివారం మా ఆవిడ మా పక్కన కూర్చుని కాసేపు చూసి, "బండికి రెండు నొగలు కదండీ, రెండోదేమైంది?" అంది.

ఊళ్లోనే వదిలేసి వచ్చాను. జవాబు చెప్పకుండా విల్లు తుడుస్తూ కూర్చున్నాను.