గేమ్ మిషనా, కంప్యూటరా?

స్టీమ్ డెక్ లాంటివి ఒట్టి గేమ్ మిషన్లా, బుల్లి కంప్యూటర్లా? సైజు, బటన్లు చూసి తేల్చేస్తే పప్పులో కాలేసినట్టే. అందులో ఏ ప్రోగ్రామ్ నడవాలో ఎవరు నిర్ణయిస్తారో చూడండి.

2017లో వచ్చిన నింటెండో స్విచ్‌లో కంపెనీ ఒప్పుకున్నవే నడుస్తాయి. కాబట్టి అది గేమ్ మిషనే. 2022లో వచ్చిన స్టీమ్ డెక్‌లో ఉన్నది లినక్స్. డెస్క్‌టాప్ మోడ్‌లోకి వెళ్లి కీబోర్డు, మానిటర్ తగిలిస్తే ఎంచక్కా కోడింగ్ చేసుకోవచ్చు. కావాలంటే విండోస్ కూడా ఎక్కించుకోవచ్చు.

అయితే ఈ స్వేచ్ఛ ఎప్పటికీ ఉంటుందనుకోవద్దు. చేతిలో పట్టేది కాకపోయినా, ప్లేస్టేషన్ 3 సంగతే తీసుకోండి. మొదట్లో దాంట్లో లినక్స్ వేసుకునే వీలుండేది. 2010లో సోనీ ఒక్క అప్‌డేట్‌తో దాన్ని తీసేసింది. అప్‌డేట్ వద్దన్నవాళ్లకి ఆన్‌లైన్ ఆటలు బంద్!

అందుకే పిల్లలకి కొనేముందు ర్యామ్, రేటుతో పాటు ఇదీ అడగండి: తాళంచెవి మన దగ్గరుంటుందా, కంపెనీ దగ్గరా?