బొగ్గు రాకపోవడం ఉద్దానానికి నష్టం కాదు

సోంపేటలో, కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లకు అడ్డుపడకపోయుంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కుర్రాళ్లకు సూరత్‌కో, గల్ఫ్‌కో వలసపోయే గతి పట్టేది కాదన్న మాట ఇప్పుడు చదువుకున్నవాళ్ల నోటా వినిపిస్తోంది. ఈ మాట తప్పు. పైగా 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి దగ్గర పోలీసు తూటాలకు బలైనవాళ్లకు ఇది అన్యాయం.

బొగ్గుతో ఊరు బాగుపడుతుందా లేదా అన్నది బొగ్గు పుట్టిన ఊళ్లనే అడగాలి. ఇల్లెందు ప్రాంతంలో 1871లో విలియం కింగ్ బొగ్గు కనిపెట్టాడు, 1889లో తవ్వకం మొదలైంది. ఆ పక్క పల్లె పేరే సింగరేణి కంపెనీ పేరైంది. తర్వాత పెద్ద ఆఫీసు కొత్తగూడెంలో స్థిరపడింది, ఇల్లెందులో ఇంక్లైన్ గనులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. అదే కంపెనీ బొగ్గు ఊరు బెల్లంపల్లిది మరీ చేదు. కంపెనీ కాగితాల్లో బెల్లంపల్లి ఏరియా ఉంది, దాని జనరల్ మేనేజర్ ఆఫీసు మాత్రం గోలేటిలో ఉంది. బాయి (గని) మూతబడితే కార్మికుడికి బదిలీ దొరుకుతుంది. అతనికి అరువిచ్చిన కిరాణా కొట్టుకు, సైకిల్ షాపుకు, దర్జీకి బదిలీ ఎవరిస్తారు?

బొగ్గు అయిపోయినచోటే ఇలా అనుకోవద్దు. 1990ల మొదట్లో సింగరేణిలో సుమారు 1,16,000 మంది పనిచేసేవారు. ఇప్పుడు 40,000 దరిదాపు. బొగ్గు ఉత్పత్తి మాత్రం అప్పటికి మూడు రెట్లు దాటింది. తట్టా చెమ్మస్ (పార) పట్టిన చేతుల పనిని ఓపెన్‌కాస్ట్ యంత్రాలు లాగేసుకున్నాయి.

సింగరేణి వేల కుటుంబాలకు అన్నం పెట్టింది, క్వార్టరిచ్చింది, ఆస్పత్రి కట్టింది. కాదనను. కానీ మా దగ్గరికి రాబోయింది గని కూడా కాదు. బొగ్గు ఎక్కడినుంచో వచ్చేది, కరెంటు ఎక్కడికో పోయేది, బూడిద ఇక్కడ మిగిలేది. కట్టేటప్పుడు వేలమంది కూలీలు కావాలి. కట్టాక నడపడానికి కొన్ని వందల మంది చాలు.

సోంపేట బీల అనే చిత్తడి నేలలో చేపలు పట్టుకుని, గడ్డి కోసుకుని, పొలాలకు నీళ్లు తోడుకుని చుట్టుపక్కల ఊళ్లు బతుకుతున్నాయి. అలాంటి చోట ప్లాంటుకిచ్చిన అనుమతిని 2010 జులైలోనే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది. ప్రాణాలు పోకముందే ఆ పని జరిగివుండాల్సింది.

వలస నిజం. 2018 తిత్లీ తుపానుకు కొబ్బరి, జీడి తోటలు నేలకూలడం నిజం. కిడ్నీ జబ్బూ నిజం. ఆ జబ్బుకు కారణమే పూర్తిగా తేలని నేలలో, తాగే నీటి పక్కన బూడిద చెరువు తవ్వనివ్వాల్సిందనడానికి మనసెలా ఒప్పుతుంది?

పలాస–కాశీబుగ్గలో ఏ జీడి కార్ఖానాకైనా వెళ్లి చూడండి. ఉడికిన పిక్కను ఒక్కొక్కటే కోసి, పొట్టు ఒలిచి, గుండునూ బద్దనూ వేరుచేసేది ఎక్కువగా ఆడవాళ్లే. జీడిరసం తగిలి వేళ్ల తోలు ఊడుతుంది. ఉద్యోగాల గురించి అంత బాధ ఉన్నవాళ్లు వీళ్ల కూలి పెంచమని, చేతులకు తొడుగులిమ్మని ఎందుకు అడగరు? పలాస, టెక్కలి పొలాలకు నీళ్లిస్తామని మహేంద్రతనయపై ఆఫ్‌షోర్ రిజర్వాయరుకు 2008లో శంకుస్థాపన చేశారు. రాని ప్లాంటు కోసం ఏడ్చేవాళ్లు ఆ పని ఏళ్లతరబడి ఎందుకు సాగిందో అధికారంలో ఉన్నవాళ్లను నిలదీయాలి.