జిల్లా పేరు చూస్తే బోల్తానే.. తిరుపతి, చిత్తూరు మెయిల్ ఏజెంట్లకు పిన్‌కోడ్ తిరకాసు!

బ్యాంకు నోటీసులు, చిట్‌ఫండ్ లెటర్లు ఏరి, కట్టలు కట్టి పంపే వ్యాపారంలో ఇప్పుడు గట్టి పోటీ. 2024 జూన్ 18న అమల్లోకొచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టంలో ఉత్తరాలపై తపాలా శాఖకు గుత్తాధిపత్యం లేదు. ప్రైవేటు కొరియర్లకు రూట్ క్లియర్! 2025లో రిజిస్టర్డ్ పోస్ట్ కూడా స్పీడ్ పోస్ట్‌లో కలిసిపోయింది. రేటు తగ్గించి నెగ్గడం చిన్న ఏజెంట్లకు కష్టమే. చేతిలో మిగిలింది సార్టింగే.

తిరకాసంతా అక్కడే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి, పిన్‌కోడ్‌లు విడిపోలేదు. తిరుపతి 517501, చిత్తూరు 517001.. రెండూ 517లోనే. తిరుపతి జిల్లాలోనే ఉన్న సూళ్లూరుపేటది మాత్రం నెల్లూరు సిరీస్, 524121. జిల్లా పేరు చూసి కట్ట కడితే కవరు చుట్టు తిరగాల్సిందే. మళ్లీ విప్పి సర్దే కూలి ఏజెంటు జేబులోంచే. నోటీసుకు గడువుంటుంది మరి.. నాలుగుసార్లు లేటైతే కాంట్రాక్టు పక్క కొరియర్‌కి పోతుంది.