మగ్గం మీద వంగిన వెన్నుకు కూలి ఎంత?

హైదరాబాదు నగరంలో కనీస వేతనం పెంచాలన్న మాట ఎత్తగానే రెండు వైపుల నుంచి ఒకే జవాబు వినిపిస్తుంది. కూలి పెంచితే కార్ఖానాలు మూతపడతాయని యజమానులు అంటారు. ఉన్న పని కూడా పాతబస్తీ నుంచి పోతుందని మన సముదాయపు పెద్దలే కొందరు అంటారు. మొదటివారి భయం వారి లాభానికి సంబంధించినది; అది మాకు అర్థమవుతుంది. రెండవవారి మాట మాత్రం మమ్మల్ని బాధిస్తోంది. పేదవాని పేరు చెప్పి పేదవాని కూలిని తొక్కిపట్టే వాదన అది. దానిని నిలదీయక తప్పదు.

ముందుగా చట్టం ఏమంటున్నదో చూద్దాం. వేతన రేట్లను ఐదేళ్లకు మించకుండా సమీక్షించాలని 1948 నాటి కనీస వేతనాల చట్టం ఆదేశించింది. కుటుంబానికి కావలసిన తిండి, బట్ట, అద్దె, ఇంధనం లెక్కగట్టి రేటు నిర్ణయించాలని 1957లో 15వ భారత కార్మిక సమావేశం తీర్మానించింది. పిల్లల చదువు, వైద్యం, పండుగలు, వృద్ధాప్యం కోసం మరో 25 శాతం కలపాలని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. చెల్లించే స్తోమత లేదన్న సాకు చెల్లదని 1961లోనే తేల్చింది. కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి చేయించుకునే పని, రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ చాకిరీయేనని 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో స్పష్టం చేసింది. ఇంత తేటతెల్లమైన చట్టం ఉండగా తెలంగాణ ప్రభుత్వం 2021లో ఐదు రంగాలకు కొత్త రేట్లు ప్రకటించి, వాటిని గెజెట్‌లో ప్రచురించకుండా ఏళ్ల తరబడి ఆపివేసింది. గెజెట్‌కెక్కని ఉత్తర్వు కార్మికుని చేతిలో చిత్తు కాగితమే.

ఇక పని పోతుందన్న భయం సంగతి. 1992లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం గంట వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు అక్కడి ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను, వేతనం పెరగని పక్క రాష్ట్రం పెన్సిల్వేనియా హోటళ్లతో పోల్చి చూశారు. ఉద్యోగాలు తగ్గిన జాడ కనిపించలేదు. కార్డ్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది. అయితే మేము ఒక వైపే చెప్పదలచుకోలేదు. సియాటిల్ నగరం 2014లో గంటకు 15 డాలర్ల చట్టం చేసినప్పుడు, అక్కడి విశ్వవిద్యాలయ పరిశోధకులు తక్కువ జీతగాళ్ల పనిగంటలు తగ్గాయన్నారు. బర్కిలీ పరిశోధకులు హోటళ్లలో ఉద్యోగాలేమీ తగ్గలేదన్నారు. సియాటిల్ ఆ పెంపును ఒక్కరోజులో రుద్దలేదు. మెట్లు మెట్లుగా అమలు చేస్తూ చిన్న సంస్థలకు ఎక్కువ వ్యవధి ఇచ్చింది. మన చిన్న కార్ఖానాలకూ ఆ వెసులుబాటు అడగవచ్చు. కానీ వ్యవధి అడగడం వేరు, పెంపునే అడ్డుకోవడం వేరు.

కూలి పెరిగినా పని ఎందుకు పోదు? ఎందుకంటే పాతబస్తీలో కూలిని నిర్ణయిస్తున్నది సంత కాదు, ఒక మనిషి. మగ్గం వర్క్ చేసే ఇల్లాలికి బట్ట తెచ్చి ఇచ్చేది, తీసుకుపోయేది ఒకే మధ్యవర్తి. బేరమాడితే మరుసటి వారం బట్ట రాదు. ఇచ్చే చేయి ఒక్కటే అయిన చోట కూలి ఆ చేయి తలచినంతే ఉంటుంది. పెళ్లి లెహంగా దుకాణంలో పలికే ధరనూ, దాని మీద జర్దోజీ కుట్టిన చేతికి ముట్టినదానినీ పక్కపక్కన పెట్టి చూడండి. పెంపు ఎక్కడినుంచి రావాలో తెలుస్తుంది. ఆ పెరిగిన సొమ్ము ఆ గల్లీలోని కిరాణా కొట్టుకూ, పాలవాడికీ, బడి ఫీజుకూ చేరుతుంది. కూలివాని జేబు నిండితే చిల్లర వ్యాపారి గల్లా నిండుతుంది. ఆ వ్యాపారీ మనవాడే.

అయినా, నెల జీతం రేటు ఒక్కటే పెంచితే మన ఇళ్లకు చేరేది కొంతే. పనిచేసే ముస్లిం మహిళల్లో 70 శాతం ఇంటి వద్దనే పని చేస్తున్నారని, మొత్తం మహిళా శ్రామికుల్లో అది 51 శాతమేనని 2006లో సచార్ కమిటీ చెప్పింది. వారికి హాజరు పట్టీ లేదు, జీతం చీటీ లేదు. వారికి కావలసినది పీసు రేటు. ఇది కొత్త కోరిక కాదు. 1948 చట్టమే పీసు రేటును గుర్తించింది. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా గుర్తిస్తోంది. నిజామాబాదులో ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే తల్లులకు వెయ్యి బీడీలకు ఇంత అని రేటు ఉన్నది. బీడీకి సాధ్యమైనది లక్క గాజుకు, జర్దోజీ పువ్వుకు, కుట్టిన కుర్తాకు ఎందుకు సాధ్యం కాదు?

ఈ ప్రశ్న ప్రభుత్వాన్ని మాత్రమే అడిగి ఊరుకుంటే మనం మనకే అన్యాయం చేసుకున్నట్లు. 2015 జనవరిలో పోలీసులు పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి 200 మందికి పైగా పిల్లలను విడిపించారు. చాలామంది బీహారు నుంచి తెచ్చిన పసివారు. చవక కూలి మీద నిలిచిన వ్యాపారం చివరికి పసిపిల్లల వేళ్ల దాకా వెళుతుందనడానికి అంతకంటే రుజువు అక్కరలేదు. కూలివాని వేతనం ఆలస్యం చేయరాదని దైవప్రవక్త (స) బోధించారు. కొలతల్లో తగ్గించి ఇచ్చేవారి పేరుతోనే ఖుర్‌ఆన్‌లో ముతఫ్ఫిఫీన్ సూరహ్ ఉన్నది. కూలి కూడా కొలతే కదా! పదకొండు నెలలు కూలి తగ్గించి, రమజానులో అదే ఇంటికి జకాత్ సంచి పంపే సేట్‌లను మేము అడుగుతున్నాం: ఇవ్వవలసిన కూలి బాకీ అవుతుంది, బాకీ తీర్చడం జకాత్ ఎలా అవుతుంది?

మా డిమాండ్లు స్పష్టం. నగర జీవన వ్యయానికి తగినట్లు కనీస వేతనాన్ని సవరించి వెంటనే గెజెట్‌లో ప్రచురించాలి. మగ్గం, గాజులు, కుట్టుపనికి పీసు రేట్లు నిర్ణయించాలి. ఆ కమిటీలో ఇంటిపని చేసే మహిళలు కూర్చోవాలి. పని గంటల లెక్కలు పక్కాగా సేకరించాలి. ఢిల్లీలో నైపుణ్యం లేని కార్మికుని నెల వేతనాన్ని 2017లో 9,724 నుంచి 13,350 రూపాయలకు పెంచిన ఉత్తర్వును, కసరత్తు సరిగా జరగలేదన్న కారణంతో 2018లో హైకోర్టు కొట్టివేసింది. లెక్కలు మళ్లీ సేకరించి వచ్చాక 2019లో 14,842 రూపాయలు నిలిచింది. ఆ ఆలస్యం మనకు వద్దు.

ప్రభుత్వం కదిలేదాకా మనం చేయగలిగినదీ ఉన్నది. ప్రతి ఇంటా ఒక కూలి పుస్తకం పెట్టండి. ఏ రోజు ఎంత పని, ఎన్ని గంటలు, ఎంత కూలి అన్నది మన బడికి వెళ్లే ఆడపిల్లల చేత రాయించండి. ఇమాములు జుమా ఖుత్బాలో కూలి మాట ఎత్తాలి. రేపు కమిటీ ముందు యజమానుల లెక్కల పక్కన మన తల్లుల లెక్కలు కూడా ఉండాలి. వంగిన వెన్నుకు విలువ కట్టే రోజున, ఆ విలువ చెప్పే నోరు మనదే కావాలి.